చేతికి వచ్చిన వాయిద్యాన్ని పక్కన పెట్టి: పీజే హార్వీ పాటల దారి

బ్రిటన్, ఐర్లండ్ సంగీతకారుల ఆల్బమ్‌లలో ఏటా ఒకదాన్ని ఎంపిక చేసి ఇచ్చే మెర్క్యురీ ప్రైజ్ 1992లో మొదలైంది. దాన్ని రెండుసార్లు గెలుచుకున్నది ఇప్పటికీ ఇంగ్లండ్ రాక్ గాయని, గీతకర్త పీజే హార్వీ ఒక్కరే. 2001లో ‘స్టోరీస్ ఫ్రమ్ ద సిటీ, స్టోరీస్ ఫ్రమ్ ద సీ’కి ఒకసారి, 2011లో ‘లెట్ ఇంగ్లండ్ షేక్’కి ఇంకోసారి. ఈ రెండింటినీ ఒకదాని వెంట ఒకటి వింటే ఒకే మనిషి చేసినవంటే నమ్మబుద్ధి కాదు. మొదటిది న్యూయార్క్ మేడల మీద నిలబడి గొంతు విప్పి పాడిన ప్రేమ పాటల ఆల్బమ్, నిండా ఎలక్ట్రిక్ గిటార్లు. రెండోది మొదటి ప్రపంచయుద్ధపు కందకాల్లో చచ్చిపోయిన కుర్రాళ్ల గురించి, సన్నగా, దాదాపు పిల్లల గొంతులాంటి గొంతుతో పాడినది.

రాక్ సంగీతంలో పేరు తెచ్చుకున్నవాళ్లు ఆ పేరు తెచ్చిన ధ్వనిని పట్టుకుని వేలాడడం మామూలే. శ్రోతలు అదే అడుగుతారు, కంపెనీలూ అదే అడుగుతాయి. హార్వీ మూడు దశాబ్దాలకు పైగా దీనికి ఎదురుగా నడిచింది. ఒక పద్ధతి చేతికి బాగా అలవాటైందనుకోగానే దాన్ని వదిలేసింది. అయినా ఆమె దారి తప్పిపోలేదు. కంపెనీ ఆమెను వదులుకోలేదు, శ్రోతలూ వదులుకోలేదు. దీన్ని ప్రతిభ అని ఒక్క మాటలో తేల్చేస్తే అసలు సంగతి దొరకదు. వాయిద్యం, గొంతు, వేషం, రాసే విషయం, అన్నిటినీ మార్చుకుంటూ పోయిన ఈ మనిషి రెండింటిని మాత్రం దాదాపు మార్చలేదు. ఒకటి తను పుట్టిన నేల. రెండోది తనతో పనిచేసే నలుగురైదుగురు మనుషులు.

పాలీ జీన్ హార్వీ 1969 అక్టోబర్ 9న ఇంగ్లండ్ నైరుతి మూలన ఉన్న డార్సెట్ కౌంటీలో, బ్రిడ్‌పోర్ట్‌లో పుట్టింది. పెరిగింది కోర్స్‌కూమ్ అనే చిన్న ఊళ్లో, గొర్రెల మధ్య. తండ్రిది రాతి పని, తల్లి శిల్పి. ఊరు చిన్నదే గానీ ఇల్లు మాత్రం పాటలతో నిండి ఉండేది. హౌలిన్ వుల్ఫ్, జాన్ లీ హుకర్, కెప్టెన్ బీఫ్‌హార్ట్, బాబ్ డిలన్ రికార్డులు ఇంట్లో తిరుగుతూనే ఉండేవి. చుట్టుపక్కల కచేరీలు ఏర్పాటు చేయడంలో తల్లిదండ్రులది పెద్ద చెయ్యి. రోలింగ్ స్టోన్స్ రాక్ బ్యాండు పియానో కళాకారుడు ఇయాన్ స్టూవర్ట్ వాళ్ల కుటుంబ స్నేహితుడు. మిసిసిపీ నల్లజాతి కూలీల బ్లూస్, డార్సెట్ గొర్రెల దొడ్డి, రెండూ ఆ పిల్ల చెవిలో ఒకేసారి పడ్డాయి. ఆమె తర్వాత రాసిన పాటల్లో బైబిల్ భాష, నదిలో మునిగే పిల్లలు, శాపాలు, మొక్కులు అంత సహజంగా కనిపించడానికి ఈ కలయికే కారణం.

బళ్లో నేర్చుకున్నది శాక్సొఫోన్. 1988లో, పందొమ్మిదేళ్లు నిండకముందే, ఆటమాటిక్ డ్లామినీ అనే బ్యాండులో చేరింది. శాక్సొఫోన్ వాయించడం, గిటార్ వాయించడం, వెనక నిలబడి గొంతు కలపడం ఆమె పని. ఆ బ్యాండు పెట్టిన జాన్ పారిష్ ఆమె కన్నా పదేళ్లు పెద్ద. అతని దగ్గరే ఆమె బ్యాండు నడపడం, ఊరూరా తిరగడం, పాటకు వాయిద్యాల అమరిక చేయడం నేర్చుకుంది. తర్వాత ముప్పై ఏళ్లకు పైగా ఆమె చేసిన ముఖ్యమైన పనుల్లో సగానికి పైగా పారిష్ చెయ్యి ఉంది. డ్రమ్స్ వాయించే రాబ్ ఎలిస్ కూడా ఆ బ్యాండు నుంచి వచ్చినవాడే.

1991లో ఆమె బయటికి వచ్చి, ఎలిస్‌తో, ఒక బేస్ గిటార్ కళాకారుడితో కలిసి ముగ్గురి బ్యాండు పెట్టింది. దాని పేరే పీజే హార్వీ. మొదటి కచేరీ చార్‌మత్ అనే సముద్ర తీరపు ఊరి హాల్లో. ఒక్క పాట పూర్తయ్యే లోపే హాలు ఖాళీ అయింది. ఒకావిడ డ్రమ్స్ దగ్గరికి వచ్చి, మీకు ఇవ్వాల్సిన డబ్బు ఇచ్చేస్తాం, ఇక ఆపండి అని చెప్పిందట. హార్వీయే ఈ సంగతి చెప్పుకుంది. ఏడాది తిరగకుండా ఆ పాటల్నే దేశమంతా వింది.

మొదటి ఆల్బమ్ ‘డ్రై’ 1992లో టూ ప్యూర్ అనే చిన్న కంపెనీ నుంచి వచ్చింది. అందులో బాగా పేరొచ్చిన పాట షీలా నా గిగ్ అనే శిల్పం మీద. ఐర్లండ్, ఇంగ్లండ్ పాత చర్చిల గోడల మీద, రెండు చేతులతో తన యోని తెరిచి చూపిస్తూ పళ్లికిలించే స్త్రీ రాతి బొమ్మలు ఉంటాయి. వాటినే షీలా నా గిగ్ అంటారు. పాటలో ఒక అమ్మాయి తన ఒంటిని ప్రియుడికి చూపిస్తుంది, అతను అసహ్యించుకుని పొమ్మంటాడు. సిగ్గు ఎవరిదన్న ప్రశ్నను ఇరవై రెండేళ్ల పిల్ల ఇంత నిక్కచ్చిగా, పైగా నవ్వుతూ అడగడం అప్పటి రాక్‌లో కొత్త. రోలింగ్ స్టోన్ పత్రిక ఆ ఏడాది ఉత్తమ గీతకర్తగా ఆమెనే ఎంచింది. నిర్వాణా బ్యాండు గాయకుడు కర్ట్ కొబేన్ తనకు నచ్చిన ఆల్బమ్‌ల జాబితా డైరీలో రాసుకుంటే అందులో ‘డ్రై’ కూడా ఉంది.

పేరు వచ్చినంత వేగంగా అలసట కూడా వచ్చింది. లండన్‌లో ఉండలేక ఆమె డార్సెట్ తీరానికి తిరిగి వెళ్లిపోయింది. రెండో ఆల్బమ్ పాటలు అక్కడ పూర్తయ్యాయి. ఈ వెనక్కి వెళ్లడం ఆమె జీవితంలో మళ్లీ మళ్లీ జరుగుతుంది. తగిలిన దెబ్బను మాన్పుకోవడానికీ, కొత్తగా రాయడానికీ ఆమెకు ఒకటే చోటు.

ఆ రెండో ఆల్బమ్ ‘రిడ్ ఆఫ్ మీ’ దగ్గర కాస్త ఆగాలి. అప్పటికి ఆమె పెద్ద కంపెనీ ఐలండ్ రికార్డ్స్‌కి మారింది. పెద్ద కంపెనీ డబ్బు చేతిలో ఉన్నప్పుడు ఎవరైనా రేడియోకి నప్పే నున్నని ధ్వని కోసం వెళతారు. ఆమె రికార్డింగ్ ఇంజనీర్ స్టీవ్ ఆల్బినీ దగ్గరికి వెళ్లింది. ఆల్బినీ తనను నిర్మాత (ఆల్బమ్ ధ్వనిని తీర్చిదిద్దేవాడు) అని పిలవనిచ్చేవాడు కాదు, అమ్మకాల్లో వాటా తీసుకునేవాడు కాదు. గదిలో బ్యాండు ఎలా మోగుతుందో అలాగే టేపు మీదికి ఎక్కించడమే తన పని అనేవాడు. 1992 డిసెంబర్‌లో, అమెరికాలోని మిన్నెసోటా అడవుల మధ్య ఉన్న ప్యాకిడర్మ్ స్టూడియోలో, రెండు వారాల పాటు పని జరిగింది. ఫలితం వింటున్నవాళ్లను కుదిపేసేలా వచ్చింది. పాట మొదట్లో గొంతు వినీ వినపడనంత మెల్లగా ఉంటుంది. శ్రోత వాల్యూమ్ పెంచుతాడు. అప్పుడు డ్రమ్స్, గిటార్ మీద పడతాయి. వదిలేసి వెళ్లినవాణ్ని బతిమాలుతూ మొదలై బెదిరింపులోకి జారే మనిషి గురించిన పాటకు ఇంతకన్నా తగిన ధ్వని ఏముంటుంది? 1993లో విడుదలైన ఆ ఆల్బమ్ బ్రిటన్ చార్టులో 3వ స్థానం దాకా వెళ్లింది.

అదే ఏడాది అక్టోబర్‌లో ఆమె ‘4-ట్రాక్ డెమోస్’ విడుదల చేసింది. ఇంట్లో క్యాసెట్ మీద, నాలుగు ట్రాకులు మాత్రమే ఉండే చిన్న యంత్రంలో, ఒంటరిగా చేసుకున్న తొలి రూపాలు అవి. సగానికి పైగా పాటలు ‘రిడ్ ఆఫ్ మీ’లోవే. ఇది గొప్ప పాఠం, పాటలు రాసే ఎవరికైనా. ఆల్బినీ గదిలో బ్యాండు బలం వినిపిస్తుంది, క్యాసెట్‌లో గీతకర్త ఆలోచన వినిపిస్తుంది. కొన్ని పాటలకు క్యాసెట్ రూపమే మెరుగు. గొంతు మీద గొంతు పేర్చుకుంటూ, తనకు తానే కోరస్ పాడుకుంటూ, తన గిటార్‌తో తానే వాదించుకుంటూ పోయిన ఆ పాటలు వింటే ఒకటి స్పష్టమవుతుంది. బ్యాండులోకి వెళ్లేముందే పాట మొత్తం ఆమె తలలో తయారై ఉంటుంది. తర్వాత ఎన్ని వేషాలు మార్చినా ఈ క్రమం చాలాకాలం మారలేదు. 2020 నుంచి ఆమె పాత ఆల్బమ్‌లన్నీ మళ్లీ విడుదలైనప్పుడు వాటితోపాటు డెమోలను కూడా విడివిడిగా తెచ్చారు. వాటిని పక్కపక్కన పెట్టి వినడం ఆమెను అర్థం చేసుకునేందుకు దగ్గరి దారి.

అప్పటికే పత్రికలు ఆమెను ఒక గుంపులో వేసేశాయి. 1994 మే నెలలో క్యూ పత్రిక బ్యోర్క్, టోరీ ఏమస్, హార్వీలను ముగ్గురినీ కలిపి ముఖచిత్రం వేసింది, ఆడవాళ్ల ఒంటి భాగాల పేర్లను శీర్షికగా పెట్టి. ఒకరిది ఐస్‌లండ్ నుంచి వచ్చిన డాన్స్ సంగీతం, ఒకరిది పియానో, ఒకరిది బ్లూస్ గిటార్. ముగ్గురికీ కలిసేది ఏమీ లేదు, ఆడవాళ్లు కావడం తప్ప. మగ గిటార్ కళాకారుల విషయంలో ఎవరూ చేయని ఈ పని ఆడవాళ్ల విషయంలో ఎంత సులువుగా జరిగిపోతుందో చూడండి. హార్వీ ఇంటర్వ్యూల్లో ఫెమినిస్టు అన్న బిళ్లను తగిలించుకోవడానికి ఒప్పుకోలేదు. దానికి కొందరు నొచ్చుకున్నారు. కానీ ఆమె తప్పించుకుంటున్నది ఆ ఆలోచన నుంచి కాదు, పాట వినకముందే దాని అర్థం తేల్చేసే అలవాటు నుంచి అనిపిస్తుంది. ఆమె పాటల్లో ‘నేను’ ఎప్పుడూ హార్వీ కాదు. అది ఒకసారి యాభై అడుగుల రాణి, ఒకసారి మగాడిలా ఉండాలనుకునే మనిషి, ఒకసారి కన్నబిడ్డను నీళ్లలో ముంచిన తల్లి.

ఆ తల్లి పాట ‘డౌన్ బై ద వాటర్’, 1995 ఫిబ్రవరిలో వచ్చిన ‘టు బ్రింగ్ యూ మై లవ్’ ఆల్బమ్‌లోది. అప్పటికి ముగ్గురి బ్యాండు విడిపోయింది. పేరు తెచ్చిన ధ్వని ఆ ముగ్గురిదే, అయినా ఆమె దాన్ని వదిలేసి పాత గురువు పారిష్‌నీ, ఫ్లడ్ అనే పేరుతో పిలిచే నిర్మాతనీ తెచ్చుకుంది. గిటార్ వెనక్కి జరిగింది, ఆర్గన్ ముందుకొచ్చింది. స్టేజి మీద గిటార్ చేతిలో లేకపోవడంతో చేతులు ఖాళీ అయ్యాయి, దాంతో ఆమె నటించడం మొదలుపెట్టింది. ఎర్ర గౌను, కళ్ల చుట్టూ మందపాటి రంగు, గ్లాస్టన్‌బరీ ఉత్సవంలో ఒంటికి అతుక్కున్న గులాబీ రంగు దుస్తులు. మూడేళ్ల కిందట నల్ల బట్టల్లో జుట్టు వెనక్కి లాగి కట్టుకుని నిలబడ్డ అమ్మాయేనా అని జనం నోరెళ్లబెట్టారు. ఎంటీవీలో ఆ పాట బాగా తిరిగింది, అమెరికా రాక్ రేడియో చార్టులో 2వ స్థానానికి చేరింది.

సరిగ్గా అదే ఏడాది జూన్‌లో కెనడా గాయని అలానిస్ మోరిసెట్ ‘జాగ్డ్ లిటిల్ పిల్’ వచ్చింది. అది ప్రపంచమంతటా మూడు కోట్లకు పైగా అమ్ముడుపోయింది. 1996 గ్రామీల్లో ఉత్తమ మహిళా రాక్ గాత్రం పోటీలో ఇద్దరూ ఉన్నారు, గెలిచింది మోరిసెట్. ఈ రెండు దారుల తేడా చాలా చెబుతుంది. అంత పెద్ద విజయం వచ్చాక తర్వాతి ప్రతి ఆల్బమ్‌నూ జనం దానితోనే పోల్చి చూస్తారు, మోరిసెట్ దాన్ని జీవితాంతం మోయాల్సి వచ్చింది. హార్వీకి ఆ బరువు పడలేదు. బ్రిటన్ సింగిల్స్ చార్టులో ఆమె అందుకున్న అత్యున్నత స్థానం 25, అదీ 1998లో. హిట్ పాట లేదు కాబట్టి హిట్ పాటలాంటిది ఇంకొకటి ఇమ్మని అడిగేవారూ లేరు. ప్రతి ఆల్బమ్‌కీ కొన్ని లక్షల మంది నమ్మకమైన శ్రోతలు, పత్రికల్లో మంచి మాట, కొన్నిసార్లు మెర్క్యురీ జాబితాలో చోటు. ఐలండ్ కంపెనీకి అది చాలింది. 1993 నుంచి 2016 దాకా ఆమె అదే కంపెనీలో ఉంది. మధ్యలో కంపెనీ యజమానులు మారారు గానీ ఆమె మారలేదు. ఆల్టర్నేటివ్ రాక్‌లో విజయం అంటే ఏమిటన్నదానికి ఇది మోరిసెట్ అంకెల కన్నా నికరమైన ఉదాహరణ అనిపిస్తుంది.

తర్వాతి తొమ్మిదేళ్లు వేగంగా చెప్పుకోవచ్చు. 1996లో పారిష్ బాణీలకు ఆమె మాటలు రాసి ‘డాన్స్ హాల్ ఎట్ లౌస్ పాయింట్’ చేసింది. వేరొకరి సంగీతం మీద రాయడం గీతకర్తగా తనను మార్చిందని ఆమె తర్వాత చెప్పుకుంది. 1998 నాటి ‘ఈజ్ దిస్ డిజైర్?’లో మొదటిసారి ‘నేను’ను పక్కన పెట్టి ఏంజలీన్, ఎలీస్, క్యాథరీన్, జాయ్, లియా అంటూ పేర్లున్న ఆడవాళ్ల కథలు చెప్పింది, ఎలక్ట్రానిక్ చప్పుళ్ల మధ్య. ఆమె ఆల్బమ్‌లలో అన్నిటికన్నా తక్కువ మంది విన్నది ఇదే కావచ్చు, విననివాళ్లదే నష్టం. 2000లో మొదట చెప్పుకున్న న్యూయార్క్ ఆల్బమ్. అందులో రేడియోహెడ్ గాయకుడు థామ్ యార్క్ ఒక పాట దాదాపు తనే పాడాడు. దానికి మెర్క్యురీ ప్రకటించిన రోజు 2001 సెప్టెంబర్ 11. ఆమె వాషింగ్టన్‌లో హోటల్ గదిలో ఉంది, కిటికీలోంచి పెంటగాన్ తగలబడడం కనిపిస్తోంది. బహుమతిని ఫోన్‌లోనే అందుకుంది. ఆ బహుమతి గెలిచిన తొలి సోలో మహిళ ఆమె. 2004 నాటి ‘ఉహ్ హుహ్ హర్’లో డ్రమ్స్ తప్ప అన్నీ తనే వాయించింది. దాన్ని చెడ్డ ఆల్బమ్ అనలేం గానీ, ఆమె తన పాత చోటికే తిరిగి వచ్చినట్టు వినిపించేది అదొక్కటే.

బహుశా ఆమెకూ అలాగే అనిపించిందేమో, 2007లో వచ్చిన ‘వైట్ చాక్’లో గిటార్‌ను దాదాపు పూర్తిగా తీసేసింది. పియానో ముందు కూర్చుంది. ఆమె పియానో నేర్చుకున్న మనిషి కాదు, అదే ఆ ఆల్బమ్ కీలకం. గిటార్ మీద పదిహేనేళ్లు పనిచేసిన వేళ్లు ఆలోచించకుండానే తెలిసిన చోట్లకు వెళ్లిపోతాయి. ఏ కార్డ్ (కలిపి మోగించే స్వరాల గుత్తి) తర్వాత ఏది పట్టాలో చేతులకే తెలుసు, కాబట్టి బాణీ కూడా తెలిసిన మలుపులే తిరుగుతుంది. పియానో మీద ఆ వేళ్లకు ఏమీ తెలియదు. రెండు మూడు స్వరాలు దొరికితే వాటినే పట్టుకుని అక్కడే తిరగాలి. ‘వైట్ చాక్’ పాటలు అలాగే ఉంటాయి, పొట్టిగా, ఒకే చోట గిరికీలు కొడుతూ. దానికితోడు ఆమె తన గొంతును కూడా వదిలేసింది. జనం మెచ్చిన ఆ మంద్రస్థాయి గాంభీర్యాన్ని మొత్తం తీసేసి, తారస్థాయిలో, ఎక్కడ విరుగుతుందో తెలియని సన్నని గొంతుతో పాడింది. ముప్పై నాలుగు నిమిషాల ఆల్బమ్. పుట్టని బిడ్డలు, చనిపోయిన అమ్మమ్మ, డార్సెట్ సుద్ద కొండలు. మొదటిసారి విన్నవాళ్లు చాలామంది ఇది పొరపాటు అనుకున్నారు. ఆమె జీవితంలో అన్నిటికన్నా ధైర్యమైన అడుగు ఇదే. ఎందుకంటే, దీని తర్వాత వచ్చిన గొప్ప ఆల్బమ్‌కు కావాల్సిన గొంతు ఇక్కడే దొరికింది.

ఆ గొప్ప ఆల్బమ్ 2011 ఫిబ్రవరిలో వచ్చిన ‘లెట్ ఇంగ్లండ్ షేక్’. ఈసారి ఆమె క్రమాన్నే తలకిందులు చేసింది. ముందు మాటలు రాసుకుంది, రెండేళ్లకు పైగా, ఏ బాణీ లేకుండా, కవితలుగా నిలబడతాయా లేదా అని చూసుకుంటూ. 1915 నాటి గల్లిపోలి యుద్ధం గురించి చదివింది, ఇరాక్, అఫ్ఘానిస్తాన్‌లలో ఉన్న సైనికుల, పౌరుల మాటలు చదివింది. గల్లిపోలిలో టర్కీ కొండల మీద బ్రిటన్ పంపిన ఆస్ట్రేలియా, న్యూజిలండ్ కుర్రాళ్లు వేలల్లో చనిపోయారు. సిక్కులు, గూర్ఖాలతో కూడిన భారత బ్రిగేడ్ కూడా అక్కడ పోరాడింది, ఆ సంగతి మనలో ఎంతమందికి తెలుసో. మాటలు పూర్తయ్యాకే ఆమె బాణీల వైపు వెళ్లింది.

బాణీలకు ఎంచుకున్నది ఆటోహార్ప్. గుండెకు ఆనించుకుని వాయించే తంత్రీ వాద్యం అది. మీట నొక్కితే కావాల్సిన తీగలు తప్ప మిగతావి మూగబోతాయి, చేత్తో ఒక్కసారి మీటితే కార్డ్ మొత్తం మోగుతుంది. వేళ్ల నేర్పుతో దానికి పెద్దగా పని లేదు. ధ్వని పలచగా, వెలుతురులా ఉంటుంది. మోసేది గొంతే. కాబట్టి ఆ మాటల్ని ఎవరి గొంతుతో చెప్పాలన్నది పెద్ద ప్రశ్న అయింది. కోపంతో పాడితే ప్రచారమవుతుంది, ఏడుస్తూ పాడితే నటన అవుతుంది. చెట్ల కొమ్మలకు వేలాడుతున్న కాళ్లూ చేతుల గురించి ఆమె ఏ ఉద్వేగమూ లేని తేలిక గొంతుతో పాడింది, చూసి వచ్చి చెబుతున్న సాక్షిలా. బాణీలు హాయిగా, చప్పట్లు కొట్టబుద్ధయ్యేలా ఉంటాయి. పాట నోటికి పట్టాక తాను ఏం పాడుతున్నాడో శ్రోతకు తెలుస్తుంది. బాకా ఒక పాటలో అకస్మాత్తుగా, లయతో సంబంధం లేకుండా మోగుతుంది. అమెరికన్ రాక్ గాయకుడు ఎడీ కోక్రన్ పాత పాటలోంచి ఐక్యరాజ్య సమితికి మొర పెట్టుకునే పంక్తి ఇంకో పాట చివర వచ్చి చేరుతుంది. కోక్రన్ పాటలో అది కుర్రాడి చిలిపి మాట. శవాల వర్ణన తర్వాత అదే మాట వింటే కడుపులో చెయ్యి పెట్టి తిప్పినట్టుంటుంది.

రికార్డింగ్ డార్సెట్‌లోనే, ఐప్ అనే ఊళ్లో కొండ మీద, సముద్రం కనిపించే పాత చర్చిలో జరిగింది. 2010 ఏప్రిల్, మే నెలల్లో అయిదు వారాలు. పారిష్, ఫ్లడ్, డ్రమ్స్ మీద జాన్ మార్క్ బ్యూటీ, ఆస్ట్రేలియా నుంచి వచ్చిన మిక్ హార్వీ. ఇంటిపేరు ఒకటే అయినా మిక్, ఆమె బంధువులు కాదు. చివరి పాట ‘ద కలర్ ఆఫ్ ద ఎర్త్’లో గల్లిపోలిలో స్నేహితుణ్ని పోగొట్టుకున్న సైనికుడు మాట్లాడతాడు. దాన్ని మొదలుపెట్టేది ఆమె కాదు, మిక్. ఆస్ట్రేలియా మనిషి గొంతే అక్కడ న్యాయం. అదే ఏప్రిల్‌లో ఆమె బీబీసీ ఆదివారం ఉదయపు రాజకీయ కార్యక్రమంలో టైటిల్ పాట పాడింది, నల్లని ఈకలు తలకు పెట్టుకుని, ఆటోహార్ప్ పట్టుకుని. ఆ రోజు అతిథుల్లో అప్పటి ప్రధాని గార్డన్ బ్రౌన్ ఉన్నాడు. బ్రిటన్ సైన్యం అఫ్ఘానిస్తాన్‌లో ఉన్న కాలం అది. నినాదం ఒక్కటీ లేదు, పాట మాత్రమే ఉంది. యుద్ధం మీద రాసిన రాక్ ఆల్బమ్‌లు చాలా ఉన్నాయి గానీ, ఎవరినీ తిట్టకుండా ఇంత లోతుగా గుచ్చినది ఇంకొకటి దొరకడం కష్టం.

ఆ తర్వాతి అడుగు తడబడింది. 2011 నుంచి 2014 మధ్య ఫొటోగ్రాఫర్ షేమస్ మర్ఫీతో కలిసి ఆమె కొసావో, అఫ్ఘానిస్తాన్, వాషింగ్టన్ నగరం తిరిగింది. ఈసారి పుస్తకాల్లో చదివి కాదు, కళ్లారా చూసి రాయాలని. 2015 మొదట్లో లండన్ సోమర్‌సెట్ హౌస్‌లో అద్దాల గది కట్టి అందులో రికార్డింగ్ చేశారు. టికెట్ కొన్నవాళ్లు బయటి నుంచి చూడొచ్చు, లోపలివాళ్లకు వాళ్లు కనిపించరు. 2016లో ‘ద హోప్ సిక్స్ డెమోలిషన్ ప్రాజెక్ట్’ విడుదలై బ్రిటన్ చార్టులో 1వ స్థానంలో నిలిచింది, ఆమెకు అదే మొదటిసారి. పాత ప్రభుత్వ ఇళ్లను కూల్చి కొత్తవి కట్టే అమెరికా పథకం ‘హోప్ 6’ నుంచి ఆ పేరు వచ్చింది. కానీ మొదటి పాట మీదే వాషింగ్టన్‌లో గొడవ మొదలైంది. నగరంలోని నల్లజాతి పేదలు ఉండే వార్డును కారులోంచి చూస్తూ, చూపించినవాళ్లు చెప్పినదాన్ని రాసుకుని పాట కట్టింది. స్థానిక నాయకులు మండిపడ్డారు. అక్కడ పనిచేసే ఒక సేవా సంస్థ ఆమెకు బహిరంగ లేఖ రాసింది. వాళ్ల మాటలో నిజం ఉంది. గల్లిపోలి మృతుల విషయంలో ఏళ్ల తరబడి చదివి సంపాదించుకున్న దగ్గరతనం కొన్ని రోజుల ప్రయాణంలో రాదు. సాక్షి గొంతు అక్కడ బాటసారి గొంతైపోయింది. సంగీతం మాత్రం బలమైనదే. పదిమంది బ్యాండు, మగవాళ్ల కోరస్, అన్నిటికీ పైన ఆమె చేతిలో బళ్లో నేర్చుకున్న శాక్సొఫోన్. ఆ ఏడాది కచేరీల్లో ఆమె గిటార్ ముట్టలేదు.

ఆ పర్యటన ముగిశాక సంగీతం మీదే మనసు విరిగిందని ఆమె తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పింది. ఏడేళ్లు ఆల్బమ్ రాలేదు. ఆ కాలంలో స్కాట్లండ్ కవి డాన్ పాటర్సన్ దగ్గర కవిత్వం నేర్చుకుంది. అప్పటికే పేరు మోసిన మనిషి, యాభైకి దగ్గరపడుతూ, శిష్యురాలిగా కూర్చోవడం మామూలు సంగతి కాదు. 2022లో ‘ఆర్లమ్’ వచ్చింది. డార్సెట్ పల్లెలో తొమ్మిదేళ్ల పిల్ల ఏడాది జీవితం, ఒక్కో నెలకూ కొన్ని కవితల చొప్పున, ఇప్పుడు ఎవరూ మాట్లాడని డార్సెట్ యాసలో. పందొమ్మిదో శతాబ్దపు డార్సెట్ కవి విలియం బార్న్స్ కూర్చిన పదకోశం ఆమెకు ఆధారం. 2023 జులైలో ఆ కవితల్లోంచి కొన్ని పాటలై ‘ఐ ఇన్‌సైడ్ ది ఓల్డ్ ఇయర్ డయింగ్’గా వచ్చాయి, ఈసారి పార్టిజాన్ రికార్డ్స్ నుంచి. గ్రామీలో ఉత్తమ ఆల్టర్నేటివ్ ఆల్బమ్ పోటీలో నిలిచాయి.

స్టూడియోలో మళ్లీ ఆ ఇద్దరే, పారిష్, ఫ్లడ్. అక్కడ వాళ్లు పెట్టుకున్న నియమం ఒకటి ఆమె ఇంటర్వ్యూల్లో చెప్పింది. తను పీజే హార్వీ గొంతుతో పాడుతున్నట్టు అనిపించినప్పుడల్లా వాళ్లు ఆపేవారు, ఇంకోలా పాడమనేవారు. ఏది పాత అలవాటో, ఏది కొత్తగా పుట్టిందో పాడేవాళ్లకు తెలియకపోవచ్చు. ముప్పై ఏళ్లుగా ప్రతి గొంతునూ విన్నవాళ్లకు తెలుస్తుంది. ప్రతి ఆల్బమ్‌కీ కొత్త నిర్మాతను, కొత్త బ్యాండును తెచ్చుకుని కొత్తదనం కొనుక్కునే కళాకారులు చాలామంది. కొత్తవాళ్లు వచ్చేది పాత పేరు విని కాబట్టి వాళ్లు ఆ పాత ధ్వనినే కోరుకుంటారు. హార్వీ చుట్టూ ఉన్నవాళ్లకు ఆ పేరు మీద మోజు లేదు. పారిష్ ఆమెను చార్‌మత్ హాలు ఖాళీ కాకముందు నుంచీ ఎరుగును, ఫ్లడ్ 1995 ఆల్బమ్ నాటి నుంచీ.

ఈమధ్య ఆమె పని ఎక్కువగా తెర మీదికి, నాటకశాలలోకి వెళ్లింది. ‘పీకీ బ్లైండర్స్’ సీరియల్ చూసిన తెలుగువాళ్లలో చాలామంది ఆమె పేరు తెలియకుండానే ఆమె గొంతు విని ఉంటారు. ‘బ్యాడ్ సిస్టర్స్’ టైటిల్స్‌లో లెనార్డ్ కోహెన్ పాటను పాడింది కూడా ఆమే. 2024 వసంతంలో లండన్ నేషనల్ థియేటర్‌లో చార్లెస్ డికెన్స్ ‘అవర్ మ్యూచువల్ ఫ్రెండ్’ నవలను ‘లండన్ టైడ్’ పేరుతో బెన్ పవర్ నాటకం చేశాడు. దాని పాటలకు బాణీలు హార్వీవి. స్టేజి మీద ఆ పాటలను నటీనటులే పాడారు, వాళ్ల వాళ్ల గొంతులతో.